పని సర్కారుది, పూచీ ఎవరిది?

ప్రభుత్వాసుపత్రిలో వార్డులు తుడిచే మనిషికి, మంచినీటి పథకంలో మోటారు వేసే ఆపరేటరుకి, వీధుల్లో చెత్త బండి తోలే కార్మికుడికి మూడు నెలల జీతం బకాయి పడిందనుకుందాం. చోడవరంలో గానీ, మాడుగులలో గానీ, రాష్ట్రంలో మరే మండల కేంద్రంలో గానీ ఇలాంటి పరిస్థితిని ఊహించుకోవడం ఎవరికీ కష్టం కాదు. వినతిపత్రం పట్టుకుని వెళితే అధికారి నుంచి వచ్చే మొదటి జవాబు: మీరు మా మనుషులు కారు, ఏజెన్సీని అడగండి. గడువిచ్చి, పని ఆపి, ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చుంటే నాలుగో రోజున అదే అధికారి నోట రెండో జవాబు వస్తుంది: రేపు పొద్దున్నకి డ్యూటీలో చేరకపోతే తీసేసి కొత్తవాళ్ళని పెట్టుకుంటాం. మొదటి మాట నిజమైతే రెండో మాట అనే హక్కు ఆయనకు లేదు. రెండో మాట అనే అధికారమే ఉంటే మొదటి మాట అబద్ధం. జీతం అడిగినప్పుడు పరాయివాడు, సమ్మె చేసినప్పుడు యజమాని అయిపోయే ఈ రెండు వేషాలను మన చట్టం ఒప్పుకోదు. కాంట్రాక్టర్ల మీద, వాళ్ళ కింద పనిచేసేవారి మీద ప్రభుత్వ యంత్రాంగానికి ఉన్న అధికారానికి హద్దులున్నాయి. ఆ హద్దు దాటినచోట కార్మికుడి కూలి పోతోంది. హద్దు లోపల చేసి తీరాల్సిన పని చేయనిచోటా అతని కూలే పోతోంది. మన దగ్గర ఈ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి కాబట్టే కాంట్రాక్టు కార్మికుల ప్రతి వివాదమూ అరెస్టుల దాకానో, మంత్రిగారి హామీ దాకానో వెళ్ళి ఆగుతోంది. చట్టం దాకా రావడం లేదు.

కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, రద్దు చట్టాన్ని పార్లమెంటు 1970లో చేసింది. కాంట్రాక్టు పనిలో పక్షాలు మూడు: పని చేసే మనిషి, అతన్ని తెచ్చిన కాంట్రాక్టరు, ఎవరి కోసం ఆ పని జరుగుతోందో ఆ సంస్థ. ఈ మూడో పక్షానికి చట్టం ప్రధాన యజమాని అని పేరు పెట్టింది. ప్రభుత్వ కార్యాలయం గానీ స్థానిక సంస్థ గానీ అయితే దాని అధిపతే ప్రధాన యజమాని అని నిర్వచనంలోనే రాసింది. అంటే ప్రభుత్వం అనే ఆకారం లేని మాట చాటున దాక్కోవడానికి వీల్లేకుండా, ఒక కుర్చీలో కూర్చున్న ఒక మనిషిని వేలెత్తి చూపించింది. కూలి ఇచ్చే బాధ్యత మొదట కాంట్రాక్టరుదే. అయితే కూలి పంచేచోట ప్రధాన యజమాని తరఫున ఒకరు హాజరై, సరిగ్గా పంచారని ధ్రువీకరించాలి. కాంట్రాక్టరు ఎగ్గొట్టినా, తక్కువిచ్చినా ఆ మొత్తాన్ని ప్రధాన యజమానే చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులో కోసుకోవాలి, లేదంటే అప్పుగా వసూలు చేసుకోవాలి. 21వ సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం చెప్పింది ఇదే. చెల్లించవచ్చు అనలేదు, చెల్లించి తీరాలంది. తాగునీరు, మరుగుదొడ్డి, విశ్రాంతి గది లాంటి వసతులు కాంట్రాక్టరు పెట్టకపోతే వాటి భారం కూడా ప్రధాన యజమాని మీదే వేసింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఈ పాత చట్టం స్థానం తీసుకున్నాయి గానీ ఈ పూచీ ఎక్కడికీ పోలేదు. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో 55వ సెక్షన్ దాన్ని అలాగే నిలబెట్టింది. పైగా లైసెన్సు కోసం కాంట్రాక్టరు కట్టిన ధరావతు నుంచి కూలి ఇప్పించే అధికారాన్ని కూడా ప్రభుత్వం చేతికిచ్చింది.

ఇది కార్మిక చట్టానికి సంబంధించిన చిన్న సంగతి కాదని, రాజ్యాంగానికి చెందిన మాటేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఢిల్లీలో ఏషియాడ్ క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్న రోజులవి. పని ఢిల్లీ పాలనా యంత్రాంగానిది, ఢిల్లీ అభివృద్ధి సంస్థది. మనుషులను తెచ్చింది కాంట్రాక్టర్లు, వారి కింద జమాదార్లు. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలైతే, అందులో ఒక రూపాయి జమాదారు కమిషన్ కింద పోయేది. ప్రజాస్వామ్య హక్కుల సంఘం రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించి జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పులో రెండు మాటలు ముఖ్యమైనవి. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టితో సమానం అన్నది ఒకటి. కాంట్రాక్టరు చట్టాన్ని ఉల్లంఘిస్తుంటే చేతులు కట్టుకుని చూడడానికి ప్రభుత్వానికి వీల్లేదు, పాటించేలా చేయడం దాని విధి అన్నది రెండోది. ఆ ఒక్క రూపాయి ఇవాళ పేరు మార్చుకుంది. ఏజెన్సీ సర్వీసు చార్జీ అని, జమ కాని భవిష్య నిధి వాటా అని, ఉద్యోగంలో పెట్టించినందుకు తీసుకున్న మామూలు అని కార్మికుడి చేతికి అందకుండానే జారిపోతోంది. నలభై ఏళ్ళ కిందట తీర్పు వచ్చిన సంగతిని ఇప్పటికీ వినతిపత్రాల్లో అడుక్కోవాల్సి రావడం సిగ్గుపడాల్సిన విషయం.

చట్టం చేయమన్నది చేయకపోవడం ఒక పక్కన ఉంటే, ఇవ్వని అధికారాన్ని వాడుకోవడం ఇంకో పక్కన ఉంది. దానికి మనకు దగ్గరలోనే విశాఖ ఉక్కు కర్మాగారం ఉదాహరణగా నిలిచింది. చోడవరం, సబ్బవరం, అనకాపల్లి, పరవాడ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళకు ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని అంటే ఏమిటో తెలుసు. కాంట్రాక్టర్లు మారుతుంటారు, టెండర్లు మారుతుంటాయి. ఫర్నేసు దగ్గరో, కన్వేయరు దగ్గరో పనిచేసే మనిషి మాత్రం పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు అక్కడే ఉంటాడు. అతని ఉద్యోగానికి ఆధారం కాంట్రాక్టరు ఇచ్చిన కాగితం కాదు, కర్మాగారం ఇచ్చిన గేటు పాసు. 2024 సెప్టెంబరు చివరి రోజుల్లో వేల మంది కాంట్రాక్టు కార్మికుల గేటు పాసులు ఉన్నట్టుండి పనిచేయకుండా పోయాయి. ఆందోళన రేగింది. కేంద్ర కార్మిక శాఖ తరఫున విశాఖలో ఉండే ప్రాంతీయ లేబర్ కమిషనర్ జోక్యం చేసుకున్న తర్వాత అక్టోబరు మొదట్లో యాజమాన్యం వెనక్కి తగ్గింది. మళ్ళీ 2025లో తొలగింపులు మొదలై, మే 20 నుంచి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. కర్మాగారాన్ని నిలబెట్టడానికి కేంద్రం 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఖర్చు తగ్గించుకోవాలన్న ఒత్తిడి యాజమాన్యం మీద నిజంగానే ఉంది, దాన్ని కాదనలేం. కానీ ఒక మనిషి జీవనాధారాన్ని గేటు దగ్గర యంత్రంలో పేరు చెరిపేసి తీసేయగలిగిన సంస్థ, అతను మా ఉద్యోగి కాదు, అతనితో మాకు సంబంధం లేదు అని లేబర్ కోర్టు ముందు చెప్పడాన్ని ఎలా నమ్మాలి? పని మీద పెత్తనం ఎవరిదో, హాజరు ఎవరు చూస్తారో, తీసేసే శక్తి ఎవరికుందో చూసి అసలు యజమాని ఎవరో తేల్చాలని న్యాయస్థానాలు చాలా కాలంగా చెబుతూనే ఉన్నాయి. కాంట్రాక్టు ఒట్టి ముసుగు అని రుజువైతే ఆ కార్మికులు సంస్థ ఉద్యోగులే అవుతారు. గేటు పాసును ఆయుధంగా వాడిన ప్రతిసారీ సంస్థలు తమకు వ్యతిరేకంగా తామే సాక్ష్యం తయారు చేసుకుంటున్నాయి.

కాంట్రాక్టరు మీద కూడా అధికారికి ఇష్టారాజ్యం లేదు. సమ్మె మొదలైన మర్నాడే, ఇరవై నాలుగు గంటల్లో పని మొదలు కాకపోతే కాంట్రాక్టు రద్దు చేసి బ్లాక్‌లిస్టులో పెడతాం అనే బెదిరింపు వినబడుతుంది. బ్లాక్‌లిస్టులో పెట్టడమంటే ఒక మనిషి ప్రభుత్వంతో వ్యాపారం చేసుకునే అవకాశాన్నే మూసేయడం కాబట్టి, ముందు నోటీసిచ్చి అతని వాదన వినాలని ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు 1974లో చెప్పింది. నోటీసులో బ్లాక్‌లిస్టు చేసే ఉద్దేశం స్పష్టంగా కనబడాలని 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో ఇంకాస్త బిగించింది. ఇదంతా కాంట్రాక్టరుకు మేలు చేసేది, కార్మికుడికేం ఒరిగింది అని అనిపించవచ్చు. నిజానికి కార్మికుడికీ ఇందులో రక్షణ ఉంది. ఆదరాబాదరాగా ఏజెన్సీని తప్పిస్తే మొదట గల్లంతయ్యేవి కార్మికుల బకాయిలే. పాత ఏజెన్సీ నన్ను తీసేశారు అంటుంది, కొత్త ఏజెన్సీ పాత బాకీ నాది కాదు అంటుంది, భవిష్య నిధి ఖాతా మధ్యలో ఆగిపోతుంది. పద్ధతి ప్రకారం నోటీసిచ్చి, లెక్కలు తేల్చి, ధరావతు నుంచి కూలి ఇప్పించి ఆ తర్వాత ఏజెన్సీని మారిస్తే ఈ గోల ఉండదు. చట్టం నెమ్మదిగా నడవమన్నచోట నడవడం వల్ల లాభపడేది అట్టడుగున ఉన్న మనిషే.

ఇక ఎస్మా, అంటే అత్యవసర సేవల నిర్వహణ చట్టం. ఈ చట్టం పేరెత్తగానే సమర్థకులు చెప్పే వాదనలో బలముంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆసుపత్రి శుభ్రం చేయకపోతే రోగి చస్తాడు, అంబులెన్సు కదలకపోతే ప్రాణం పోతుంది, తాగునీరు ఆగితే ఊరు అల్లాడుతుంది. వివాదం తేలేదాకా జనం ఆగాలా అని వారడుగుతారు. ఆగనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌కు 1971 నుంచే సొంత అత్యవసర సేవల నిర్వహణ చట్టం ఉంది. సమ్మె చేసే హక్కు ప్రాథమిక హక్కు కాదని తమిళనాడు ఉద్యోగుల కేసులో 2003లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. కానీ ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది సేవలు ఆగకుండా చూసే అధికారమే. ఇవ్వాల్సిన బకాయిల్ని మాఫీ చేసుకునే అధికారం కాదు, చర్చలు మానేసే వెసులుబాటు కాదు. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగితే, 2024 జనవరి 6న రాష్ట్ర ప్రభుత్వం వారి మీద ఎస్మా ప్రయోగించింది, ఆరు నెలల పాటు సమ్మెలు నిషేధమంది. వారు ఏజెన్సీ కార్మికులు కారు, గౌరవ వేతనం మీద పనిచేసేవారు. అయినా ఇక్కడ ఆ ఉదంతం పనికొస్తుంది. గౌరవ వేతనం ఇచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవకులు అన్న ప్రభుత్వమే, సమ్మె చేసేసరికి వారి సేవ అత్యవసరం అంది. జీవో వచ్చాక కూడా సమ్మె ఆగలేదు. నలభై రోజులు దాటాక చర్చలతోనే ముగిసింది. సేవ అత్యవసరమైతే ఆ సేవకు ఇచ్చే కూలి కూడా అంతే అత్యవసరం కావాలి. నెల తిరిగిన ఏడో తేదీలోగా జీతం పడాలన్న వేతన చట్టాన్ని పాటించని అధికారికి, పద్నాలుగు రోజుల సమ్మె నోటీసు నిబంధనను కార్మికుడికి గుర్తుచేసే నైతిక అర్హత ఎక్కడిది?

సమ్మె చట్టవిరుద్ధమా కాదా అని తేల్చే పని కూడా కార్యనిర్వాహక వర్గానిది కాదు. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మె మొదలుపెడితే, ఆ సాయంత్రానికి విధుల్లో చేరనివారంతా తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నట్టేనని ముఖ్యమంత్రి ప్రకటించారు. సెల్ఫ్ డిస్మిస్ అన్న మాట ఆ రోజుల్లో ఇంటింటికీ తెలిసింది. దాదాపు 48 వేల మంది భవిష్యత్తు ఒక్క ప్రకటనతో గాలిలో వేలాడింది. హైకోర్టు మాత్రం సమ్మె చట్టబద్ధతను తేల్చాల్సింది లేబర్ కోర్టు అని చెప్పి, వివాదాన్ని అక్కడికి పంపే విషయాన్ని లేబర్ కమిషనర్ తేల్చాలని నవంబరులో ఆదేశించింది. చివరికి ప్రభుత్వం అందర్నీ తిరిగి తీసుకుంది. ఆ యాభై రోజుల్లో పోయిన కార్మికుల ప్రాణాలకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఆర్టీసీ కార్మికులు సంస్థ ఉద్యోగులు, పక్కన బలమైన యూనియన్లున్నాయి, రాష్ట్రమంతా వారివైపు చూసింది. ఏజెన్సీ పంపిన పదిహేను మంది పారిశుధ్య కార్మికులను మౌఖికంగా తీసేస్తే చూసేవాళ్ళెవరు?

ఇంతవరకూ చెప్పింది కార్మిక సంఘాలకు నచ్చే మాటే. నచ్చని మాటా ఒకటి చెప్పాలి. అధికారానికి హద్దులున్నాయి అన్నప్పుడు అవి కార్మికుడికి మేలు చేయబోయిన ఉత్తర్వులకూ వర్తిస్తాయి. ఒక్క జీవోతో కాంట్రాక్టు పద్ధతి రద్దు చేసేయండి, అందర్నీ పర్మినెంటు చేసేయండి అన్న నినాదం ధర్నా చౌకులో బాగుంటుంది, కోర్టులో నిలవదు. 1976 డిసెంబరు 9న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషనే దీనికి రుజువు. తన పరిధిలోని సంస్థల భవనాలన్నింటిలో ఊడ్చడం, శుభ్రం చేయడం, కాపలా కాయడం కాంట్రాక్టుకు ఇవ్వకూడదని అది ఒక్క వేటుతో నిషేధించింది. ఆ నిషేధం వచ్చాక కార్మికులు తమంతట తామే సంస్థ ఉద్యోగులైపోతారని 1996లో ఎయిర్ ఇండియా కేసులో జస్టిస్ కె. రామస్వామి తీర్పు రాశారు. వేల కుటుంబాలు ఆ తీర్పు మీద ఆశ పెట్టుకున్నాయి. అయిదేళ్ళు తిరక్కుండానే, 2001 ఆగస్టు 30న, స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తిరగరాసింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ సయ్యద్ షా మహమ్మద్ ఖాద్రీ. రెండు తీర్పులూ మన హైకోర్టు నుంచి వెళ్ళిన న్యాయమూర్తులవే. ఏ సంస్థలో ఏ పని ఎప్పుడూ ఉండేదో, అది ఆ సంస్థకు ఎంత అవసరమో, అక్కడ నిండుగా పని ఉందో లేదో విడివిడిగా పరిశీలించకుండా దేశమంతటికీ ఒకే ఉత్తర్వు ఇవ్వడానికి చట్టం ప్రభుత్వానికి అధికారం ఇవ్వలేదని కోర్టు 1976 నోటిఫికేషన్‌నే కొట్టేసింది. కార్మికులకు దక్కిన దాన్ని పోగొట్టింది అప్పటి అధికారుల బద్ధకమే. చట్టం అడిగిన పరిశీలన ఒక్కొక్క సంస్థకూ చేసి ఉంటే కొన్ని సంస్థల్లోనైనా ఆ నిషేధం నిలిచి ఉండేది.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. కొరియా యుద్ధ కాలంలో ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధపడితే అధ్యక్షుడు ట్రూమన్ 1952 ఏప్రిల్‌లో కర్మాగారాలను స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు ఇచ్చాడు. చట్టసభ ఇవ్వని అధికారం అధ్యక్షుడికి లేదని రెండు నెలలు తిరక్కుండానే అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. 1995లో అధ్యక్షుడు క్లింటన్ ఇంకో దారి పట్టాడు: సమ్మె చేసినవారి స్థానంలో శాశ్వతంగా కొత్తవారిని పెట్టుకునే కంపెనీలకు ప్రభుత్వ కాంట్రాక్టులు ఉండవన్నాడు. ఉద్దేశం కార్మికులకు మంచిదే. అయితే అలా పెట్టుకునే వీలును అక్కడి కార్మిక చట్టమే కంపెనీలకు ఇచ్చింది కాబట్టి, కాంట్రాక్టుల పేరుతో ఆ చట్టాన్ని మార్చడానికి అధ్యక్షుడికి వీల్లేదని మరుసటి ఏడాది వాషింగ్టన్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. అదే దేశంలో 1993లో, బోస్టన్ ఓడరేవు శుద్ధి పనుల విషయంలో, ఒక ప్రభుత్వ సంస్థ తన సొంత ప్రాజెక్టుకు పని ఆగకుండా ఉండేలా కార్మిక ఒప్పందాన్ని టెండరు షరతుగా పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఈ తేడాను మనం పట్టుకోవాలి. పని చేయించుకునే గిరాకీదారుగా తన టెండరులో షరతులు పెట్టే అధికారం ప్రభుత్వానికి దండిగా ఉంది. చట్టసభను పక్కన పెట్టి కొత్త కార్మిక చట్టాన్ని రాసే అధికారం లేదు. మన ప్రభుత్వాలు రెండోదాని గురించి హామీలిస్తాయి, మొదటిదాన్ని వాడవు.

చట్టసభ దారి మూసుకుపోయిందేమీ కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు కార్మిక చట్టానికి సవరణ తెచ్చి, సంస్థ ముఖ్య కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదంది. పారిశుధ్యం, కాపలా, క్యాంటీను, సరుకు ఎక్కించడం, దించడం వంటివి ముఖ్య కార్యకలాపాల కిందికి రావంటూనే, ఆ సంస్థే ఆ పని కోసం ఏర్పడి ఉంటే తప్ప అని మెలిక పెట్టింది. కొత్త కోడ్‌లో 57వ సెక్షన్‌దీ ఇదే పద్ధతి. ఈ మెలికలో ఎంతో ఉంది, ఎవరూ గట్టిగా వాడుకోవడం లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఊడ్చడం పక్క పని కావచ్చు. వీధులు శుభ్రంగా ఉంచడమే తన ప్రథమ విధుల్లో ఒకటైన మున్సిపాలిటీకి, పంచాయతీకి పారిశుధ్యం పక్క పని ఎలా అవుతుంది? రోగుల్ని మోసుకెళ్ళడానికే పుట్టిన అంబులెన్సు సేవలో డ్రైవరు పని పక్క పని ఎలా అవుతుంది? చోడవరం వాళ్ళకు బాగా తెలిసిన గోవాడ సహకార చక్కెర మిల్లు లాంటి చోట మరో ప్రశ్న వస్తుంది: క్రషింగ్ నడిచేది కొన్ని నెలలే కదా, అది తాత్కాలిక పని కాదా? కాదని 1970 చట్టమే చెప్పింది. రుతువును బట్టి నడిచే పని ఏడాదిలో 60 రోజులు దాటితే దాన్ని అడపాదడపా పని అనడానికి వీల్లేదని లెక్క కట్టి మరీ రాసింది. ఇలాంటి గీతలు దగ్గర పెట్టుకుని ఒక్కొక్క సంస్థ గురించి వాదిస్తే ఫలితం రావచ్చు.

డబ్బు సంగతేమిటి అని ఆర్థిక శాఖ అడుగుతుంది. లక్షల మందిని పర్మినెంటు చేస్తే ఖజానా తట్టుకోదు, పైగా దొడ్డిదారిన వచ్చినవారిని క్రమబద్ధీకరించకూడదని 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది కదా అంటుంది. ఆ తీర్పును వల్లించే వారు, అదే సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో జగ్గో కేసులో అన్న మాటను కూడా చదవాలి. ఏళ్ళ తరబడి శాశ్వతమైన పని చేయించుకుని, ఆ కార్మికుల హక్కులు ఎగ్గొట్టడానికి ఉమాదేవి తీర్పును డాలుగా వాడుకోవడాన్ని, ఔట్‌సోర్సింగ్‌ను ముసుగుగా చేసుకోవడాన్ని ఆ తీర్పు తప్పుపట్టింది. అయినా ఈ వ్యాసం అడుగుతున్నది అందర్నీ పర్మినెంటు చేయమని కాదు. చేసిన పనికి, ఒప్పుకున్న కూలిని, ఒప్పుకున్న తేదీకి ఇమ్మని. ఇది బడ్జెట్‌లో అప్పటికే మంజూరైన డబ్బు. దళారులను తప్పించడానికని 2020లో ఆప్కాస్ అనే సంస్థ పెట్టి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులను దాని కిందికి తెచ్చారు. కమిషన్ల బెడద తగ్గించే ఆలోచనగా అది మంచిదే. కానీ 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు రోడ్డెక్కి పక్షం రోజులు సమ్మె చేసినప్పుడు తేలిందేమిటంటే, ఏజెన్సీ ప్రైవేటుదైనా ప్రభుత్వానిదైనా, కార్మికుడికీ అసలు యజమానికీ మధ్య గోడ అలాగే ఉంది. మధ్యవర్తి పేరు మారింది, పూచీ ఎవరిదన్నది తేలలేదు.

కాంట్రాక్టర్ల గోడు కూడా వినాలి. ఆరు నెలలుగా బిల్లు రాకపోతే జీతాలెక్కడి నుంచి తేవాలని వారడుగుతారు. చట్టం దృష్టిలో అది సాకు కాదు. బిల్లు వచ్చినా రాకపోయినా కూలి ఇవ్వాల్సిందే. అయితే కాంట్రాక్టరు బిల్లును ఆపినవారూ, ఆ కాంట్రాక్టరు జీతాలివ్వకపోతే ఇవ్వాల్సిన ప్రధాన యజమానీ ఒకే ప్రభుత్వం అయినప్పుడు ఇది ఒకరి తప్పుగా మిగలదు. అతి తక్కువకు కోట్ చేసినవాడికే టెండరు అన్న పద్ధతి దీన్ని ఇంకా చెడగొట్టింది. పారిశుధ్యం, కాపలా లాంటి పనుల్లో ఖర్చంతా మనుషుల కూలే. కూలి, భవిష్య నిధి, ఈఎస్ఐ కలిపితే అయ్యే మొత్తం కన్నా తక్కువకు ఎవరైనా కోట్ చేశారంటే ఆ తేడా ఎవరి జేబులోంచి వస్తుందో టెండరు తెరిచే అధికారికి తెలియంది కాదు. అలాంటి టెండరును అంగీకరించిన సంతకమే కూలి ఎగవేతకు మొదటి మెట్టు.

కొత్త కోడ్‌లో ఒక పెద్ద లోటుంది, దాన్ని చిన్న ఊళ్ళవాళ్ళే ముందుగా గమనించాలి. పాత చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులున్నచోట వర్తించేది, కొత్త కోడ్ 50 మంది ఉంటేనే అంటోంది. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి విడిపోయి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన చోడవరం లాంటి చోట, ఒక్కొక్క ఆఫీసులో కాంట్రాక్టు మనుషులు పదీ పదిహేను మందే ఉంటారు. చిన్న ఏజెన్సీలకు పనిని ముక్కలు చేసి ఇస్తే ప్రధాన యజమాని పూచీయే కోడ్ పరిధి దాటిపోతుంది. వేతనాల కోడ్‌లోని 43వ సెక్షన్‌లో, యజమాని కూలి ఇవ్వకపోతే పని జరిగే సంస్థ సొంతదారు బాధ్యత వహించాలన్న మాట ఉంది, దానికి మనుషుల సంఖ్యతో ముడి లేదు. కానీ ఆ పదాలు ప్రభుత్వ కార్యాలయానికి ఎంతవరకు వర్తిస్తాయో వాదించి తేల్చుకోవడానికి నెలకు పదిహేను వేలు సంపాదించే మనిషి ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరగగలడు? దీనికి శాసనసభ దాకా వెళ్ళనక్కర్లేదు, కొత్త జీవో కూడా అక్కర్లేదు. టెండరు పత్రంలో నాలుగు వాక్యాలు చాలు: మనుషులు ఎంతమంది ఉన్నా ప్రధాన యజమాని పూచీ వర్తిస్తుంది; కూలి మొత్తంలో పోటీ ఉండదు, పోటీ ఏజెన్సీ చార్జీలోనే; ఏడో తేదీకి జీతం పడకపోతే పదిహేనో తేదీలోగా కార్యాలయమే నేరుగా కార్మికుల ఖాతాల్లో వేసి బిల్లులో కోసుకుంటుంది; ఏజెన్సీ మారినా ఉన్న కార్మికులను కొనసాగించాలి, కారణం రాసివ్వకుండా ఎవర్నీ తీయకూడదు. ఇవన్నీ గిరాకీదారుగా ప్రభుత్వం పెట్టుకోగల షరతులే, ఏ కోర్టూ అడ్డు చెప్పని షరతులే. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరానికి టెండర్లు పిలిచేటప్పుడు ఈ నాలుగూ పత్రంలో ఉన్నాయో లేవో చూసి సంతకం పెట్టాల్సింది ఆసుపత్రి సూపరింటెండెంటు, మున్సిపల్ కమిషనర్, పంచాయతీ అధికారి.